నెల్లూరు వాతావరణ రిపోర్టును టెర్మినల్‌లో విప్పి చదవడం, వడపోయడం ఎలా?

నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే చాలు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అందరి చూపూ ఫోను మీదే. ఒక యాప్ గాలి గంటకు 40 కిలోమీటర్లంటుంది, పక్క యాప్ 60 అంటుంది. వాటిలో చాలా అంకెలు కంప్యూటర్ మోడల్ లెక్కగట్టినవే తప్ప ఎవరూ పరికరం పెట్టి కొలిచినవి కావు. కొలిచిన అంకె కావాలంటే వాతావరణ కేంద్రం పంపే సినాప్ రిపోర్టు దగ్గరికి వెళ్లాలి. అది ఒకే ఒక్క వరుస, దాదాపు అంతా అంకెలే. దాన్ని చదవడం వస్తే రొయ్యల చెరువున్న రైతుకైనా, పొగాకు వేసిన రైతుకైనా, ప్రాజెక్టు చేసే విద్యార్థికైనా పనికొస్తుంది.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ కొనక్కర్లేదు. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, గ్రెప్, ఆక్ అనే రెండు కమాండ్లు చాలు. గ్రెప్ వరుసల్ని వెతికి పెడుతుంది. ఆక్ వరుసను ముక్కలు చేసి, లెక్క కట్టి, మనం పెట్టిన షరతుకు సరిపోయినవాటినే చూపిస్తుంది.

ముందే ఒక మాట. ఈ వ్యాసంలో కమాండ్లను కూడా తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఆక్ అంటే ఎ, డబ్ల్యూ, కె. గ్రెప్ అంటే జి, ఆర్, ఇ, పి. మూడే చోట్ల పెద్ద అక్షరాలు వాడాలి: ఆక్ తర్వాత వచ్చే మైనస్ ఎఫ్‌లో ఎఫ్, ఆ తర్వాత కనిపించే ఎన్ఎఫ్‌లో రెండక్షరాలూ, గ్రెప్‌తో వెతికే నిల్ అనే మాట. అంకెలు, గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే కొట్టండి.

మొదట: టెర్మినల్ సిద్ధం చేసుకోండి

లైనక్స్‌లో, మ్యాక్‌లో ఈ రెండు కమాండ్లు ముందే ఉంటాయి. విండోస్‌లో అయితే ఈ కమాండ్లు నడవడానికి డబ్ల్యూఎస్ఎల్ గానీ గిట్ బ్యాష్ గానీ వేసుకోండి. కంప్యూటర్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనులో టర్మక్స్ యాప్ సరిపోతుంది, దాన్ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకోండి. కమాండును వాట్సాప్‌లోనో డాక్యుమెంట్‌లోనో రాసుకుని కాపీ చేస్తే సాదా కొటేషన్ గుర్తు వంపు తిరిగిన గుర్తుగా మారిపోవచ్చు. అప్పుడు కమాండ్ పనిచేయదు. ఆ గుర్తుల్ని చేత్తోనే కొట్టండి.

రెండు: రిపోర్టులు దించుకోండి

ప్రతి కేంద్రానికీ ఐదంకెల నంబరు ఉంటుంది. నెల్లూరు 43245, కావలి 43243, ఒంగోలు 43221. పక్కనే పోల్చుకోవడానికి బాపట్ల 43220. ఈ నంబర్లు కాగితం మీద రాసుకోండి, ప్రతి మెట్టులోనూ కావాలి.

పాత సినాప్ రిపోర్టులు ఓజిమెట్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో గెట్‌సినాప్ అనే చిరునామాకు మూడు సంగతులు చెప్పాలి: కేంద్రం నంబరు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం. సమయాన్ని సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం వరసలో ఖాళీ లేకుండా 12 అంకెలుగా ఇవ్వాలి. అభ్యాసానికి 2023 డిసెంబరు మొదటి వారం తీసుకోండి. మిచౌంగ్ తుపాను ఆ నెల 5న మధ్యాహ్నం బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది, కాబట్టి మన జిల్లాల రిపోర్టుల్లో చూడటానికి చాలా ఉంటుంది. మొదలు 202312030000, ముగింపు 202312070000 ఇచ్చి, వచ్చిన వరుసల్ని నెల్లూరు.టిఎక్స్‌టి అనే ఫైల్‌గా దాచుకోండి. ఫైలు పేరు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోవడం మేలు. ఉచితంగా నడుస్తున్న సైట్ కదా, ఏళ్లకేళ్ల డేటా ఒక్కసారే లాగకండి. ఒకసారి దించుకున్న ఫైలుతోనే పని చేసుకోండి.

మూడు: ఒక్క వరుసను చేత్తో విప్పండి

ఈ మెట్టును దాటేయాలనిపిస్తుంది, దాటకండి. వరుసలో ఏ అంకె ఎక్కడుందో తెలియకుండా వడపోస్తే, తప్పు జవాబు కూడా సరైన జవాబులాగే కనిపిస్తుంది. కింది వరుస అభ్యాసం కోసం నేను తయారు చేసింది, అసలు రికార్డు కాదు:

43245,2023,12,05,03,00,ఏఏఎక్స్ఎక్స్ 05034 43245 11340 83228 10236 20228 30008 40031 57045 62354 76366 887// 333 20225=

కామాలతో ఉన్న మొదటి ఆరు ముక్కలు సైట్ చేర్చినవి: కేంద్రం, సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం. ఆ తర్వాత మొదలయ్యేదే అసలు రిపోర్టు.

ఏఏఎక్స్ఎక్స్ అంటే ఇది నేల మీది కేంద్రం పంపినదని గుర్తు. 05034లో 05 తేదీ, 03 గంట. ఆ గంట యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన సమయం కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి, అంటే ఉదయం ఎనిమిదిన్నర. చివరి 4 చాలా ముఖ్యం, గాలి వేగం ఏ కొలతలో ఉందో చెప్పేది అదే. 3 లేదా 4 ఉంటే నాట్స్, 0 లేదా 1 ఉంటే సెకనుకు మీటర్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, సెకనుకు ఒక మీటరంటే గంటకు 3.6 కిలోమీటర్లు. ఈ ఒక్క అంకె చూడకపోతే గాలి వేగం దాదాపు సగానికి తగ్గిపోవచ్చు, లేదా రెట్టింపు కావచ్చు.

43245 మన నెల్లూరు. 11340లో మొదటి అంకె వాన లెక్క ఈ రిపోర్టులో ఎక్కడుందో చెబుతుంది: 1 అంటే మొదటి భాగంలో, 2 అంటే 333 తర్వాత, 3 అంటే వాన లేదు కాబట్టి రాయలేదు, 4 అంటే కొలత అందలేదు. ఈ 3కూ 4కూ ఉన్న తేడా గుర్తుంచుకోండి. వాన పడకపోవడం వేరు, కొలవకపోవడం వేరు. చివరి 40 ఎంత దూరం కనిపిస్తోందో చెబుతుంది: 50 వరకు పదితో భాగించాలి, అంటే ఇక్కడ 4 కిలోమీటర్లు. 56 నుంచి 80 వరకు అయితే 50 తీసేయాలి.

83228లో మొదటి 8 అంటే ఆకాశం ఎనిమిది పాళ్లకు ఎనిమిది పాళ్లూ మబ్బు. 32 అంటే గాలి 320 డిగ్రీల వైపు నుంచి, అంటే వాయవ్యం నుంచి వస్తోంది. 28 వేగం, అంటే గంటకు దాదాపు 52 కిలోమీటర్లు.

ఇక్కడి నుంచి ప్రతి గ్రూపు, అంటే ప్రతి ఐదంకెల ముక్క, తన పేరు తనే చెబుతుంది, మొదటి అంకె చూస్తే చాలు. 10236: ఉష్ణోగ్రత 23.6 డిగ్రీలు. రెండో అంకె 0 అయితే సున్నాకు పైన, 1 అయితే మైనస్. 20228: డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 22.8. ఉష్ణోగ్రతకూ దీనికీ తేడా డిగ్రీ కూడా లేదు, గాలి నీటితో నిండిపోయి ఉంది. 30008: కేంద్రం ఎత్తులో గాలి పీడనం 1000.8 హెక్టోపాస్కల్స్. 40031: సముద్ర మట్టానికి సరిచేసిన పీడనం 1003.1. వెయ్యి అంకెను రాయరు కాబట్టి 49987 కనిపిస్తే 998.7 అని చదవాలి. 57045: పీడనం గత మూడు గంటల్లో 4.5 పడిపోయింది. రెండో అంకె 5 నుంచి 8 దాకా ఉంటే తగ్గుదల. 62354: 235 మిల్లీమీటర్ల వాన, చివరి 4 అంటే 24 గంటల మొత్తం. 76366లో 63 అంటే ఆగకుండా ఓ మోస్తరు వాన. 887// మబ్బుల రకం. పైమబ్బులు కనిపించలేదు కాబట్టి గీతలు.

333 నుంచి ఇంకో భాగం మొదలవుతుంది. అక్కడ 1తో మొదలయ్యేది గరిష్ఠ ఉష్ణోగ్రత, 2తో మొదలయ్యేది కనిష్ఠం. పై వరుసలో 20228, 20225 రెండూ ఉన్నాయి చూడండి. మొదటిది డ్యూ పాయింట్, రెండోది కనిష్ఠ ఉష్ణోగ్రత. విలువలు దాదాపు ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకటి బదులు ఇంకోటి వచ్చినా కంటికి అనుమానం రాదు.

నాలుగు: రిపోర్టు లేని వరుసల్ని తీసేయండి

కొన్ని గంటల్లో రిపోర్టు రాకపోతే వరుసలో నిల్ అని ఉంటుంది. గ్రెప్‌కు మైనస్ వి ఇస్తే ఆ మాట ఉన్న వరుసల్ని వదిలేసి మిగతావి చూపిస్తుంది. ఇక్కడ నిల్‌ను పెద్ద అక్షరాల్లో కొట్టాలి:

గ్రెప్ -వి నిల్ నెల్లూరు.టిఎక్స్‌టి > శుభ్రం.టిఎక్స్‌టి

రెండు ఫైళ్లలోనూ ఎన్ని వరుసలున్నాయో లెక్క చూసుకోండి. తుపాను రోజుల్లో వరుసలు తగ్గితే కరెంటో, లైనో పోయి ఉండొచ్చు. అసలు చూడాల్సిన గంటలే లేకుండా పోతాయి, అందుకే ఏ గంటలు లేవో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఐదు: గ్రెప్ ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోండి

ఉష్ణోగ్రత 1తో మొదలవుతుంది కదా అని ' 10[0-9][0-9][0-9] ' అని గ్రెప్‌తో వెతికారనుకోండి. వరుసలో 10306 దొరికింది, 30.6 డిగ్రీలు అని రాసుకున్నారు. కానీ అది గాలి గ్రూపు కావచ్చు: ఆకాశంలో ఒక పాలు మబ్బు, 30 డిగ్రీల వైపు నుంచి గాలి, వేగం 6. మన ఎండలకు 30.6 అతికినట్టు సరిపోతుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

అందుకే ఈ నియమం పెట్టుకోండి: గాలి గ్రూపు దాకా స్థానాన్ని బట్టి చదవాలి, ఆ తర్వాతే మొదటి అంకెను బట్టి చదవాలి, 333 రాగానే అర్థాలు మార్చుకోవాలి. గ్రెప్‌కు స్థానం తెలియదు, ఆక్‌కు తెలుసు.

ఆరు: ఆక్‌తో గాలిని వడపోయండి

ఆక్‌కు కామా దగ్గరా, ఖాళీ దగ్గరా వరుసను విడగొట్టమని చెబుదాం. అప్పుడు $4 తేదీ, $5 గంట, $8 తేదీ-గంట గ్రూపు, $11 గాలి గ్రూపు, $12 నుంచి మిగతావి. గాలి వేగం 20కి తగ్గని వరుసలు కావాలంటే:

ఆక్ -ఎఫ్ '[, ]+' '$11~/^[0-9]+$/ && $11%100>=20' శుభ్రం.టిఎక్స్‌టి

$11%100 అంటే ఆ గ్రూపును వందతో భాగిస్తే వచ్చే శేషం. 83228కి 28 మిగులుతుంది, అదే వేగం. ముందున్న షరతు ఎందుకంటే, కొలత లేనప్పుడు అంకె బదులు గీత పెడతారు. /3228 అని ఉంటే ఆక్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది, 8//// అని ఉంటే వేగం 8 అనుకుంటుంది. ఆ షరతుతో అలాంటివి పక్కకు పోతాయి. పక్కకు పోయినవి ఏమిటో కూడా ఒకసారి కంటితో చూడాలి, దానికి ~ ముందు ! పెట్టి మొదటి షరతును ఒక్కదాన్నే నడపండి.

దిక్కు, వేగం రెండూ పట్టికలా కావాలంటే:

ఆక్ -ఎఫ్ '[, ]+' '$11~/^[0-9]+$/ && $8%10>=3 {ప్రింట్ $1,$4,$5,($11%10000-$11%100)/10,($11%100)*1.852}' శుభ్రం.టిఎక్స్‌టి

మధ్యలోని $8%10>=3 నాట్స్‌లో ఉన్నవాటినే తీసుకుంటుంది. మీటర్లలో ఉంటే ఆ చోట $8%10<=1 పెట్టి, 1.852 బదులు 3.6 రాయండి. వచ్చే ఐదు అంకెలు: కేంద్రం, తేదీ, యూటీసీ గంట, దిక్కు డిగ్రీల్లో, వేగం గంటకు కిలోమీటర్లలో. దిక్కు, వేగం రెండూ 0 అయితే గాలి స్తంభించిందని అర్థం. దిక్కు 990 వస్తే గాలి ఒక దిక్కంటూ లేకుండా తిరుగుతోందని.

ఏడు: నెల్లూరు, కావలి, ఒంగోలు కలిపి చూడండి

ఒక్క ఊరి గాలి చూస్తే తుపాను కథ సగమే తెలుస్తుంది. మిగతా కేంద్రాల ఫైళ్లు కూడా దించి, క్యాట్‌తో కలిపి, సమయం ప్రకారం పేర్చండి:

క్యాట్ నెల్లూరు.టిఎక్స్‌టి కావలి.టిఎక్స్‌టి ఒంగోలు.టిఎక్స్‌టి | గ్రెప్ -వి నిల్ | సార్ట్ -టి , -కె 2,6 > అన్నీ.టిఎక్స్‌టి

ఇప్పుడు పై గాలి కమాండును ఈ ఫైలు మీద నడపండి. గాలికి వీపు పెట్టి నిలబడితే మన అర్ధగోళంలో అల్పపీడనం ఎడమ చేతి వైపు ఉంటుంది. ఈ ఒక్క సూత్రంతో పట్టిక చదవొచ్చు. నెల్లూరులో గాలి ఉత్తరం నుంచి ఉంటే తుపాను తూర్పున సముద్రం మీద ఉన్నట్టు. అది వాయవ్యానికి, తర్వాత పడమటికి తిరుగుతుంటే తుపాను మనల్ని దాటి ఉత్తరానికి వెళుతున్నట్టు. అదే గంటలో ఒంగోలు గాలి ఇంకా ఈశాన్యం నుంచే ఉంటే తుపాను ఇంకా అక్కడికి చేరలేదు. మూడు ఊళ్ల దిక్కుల్ని ఒక మ్యాపు మీద బాణాలుగా గీసి చూడండి, కేంద్రం ఎక్కడుందో మీకే తడుతుంది. యాప్‌లో రంగులు చూడటం కంటే ఇది నాకు ఎన్నో రెట్లు ఇష్టం.

పీడనం కూడా దీనితో కలిపి చూడాలి. అది ఎన్నో స్థానంలో ఉంటుందో చెప్పలేం, మధ్యలో ఒక గ్రూపు లేకపోతే జరిగిపోతుంది. అందుకని 333 వచ్చేదాకా ఒక్కో గ్రూపునూ చూసుకుంటూ వెళ్లమని ఆక్‌కు చెప్పాలి:

ఆక్ -ఎఫ్ '[, ]+' '{ఫర్(ఐ=12;ఐ<=ఎన్ఎఫ్;ఐ++){ఇఫ్($ఐ==333)బ్రేక్;ఇఫ్($ఐ~/^4/)ప్రింట్ $1,$4,$5,$ఐ}}' అన్నీ.టిఎక్స్‌టి

^4 బదులు ^1 పెడితే ఉష్ణోగ్రత, ^2 పెడితే డ్యూ పాయింట్. 29తో మొదలైన గ్రూపు వస్తే మాత్రం అది డ్యూ పాయింట్ కాదు, తేమ శాతం. పీడనం చూసేటప్పుడు ఒక జాగ్రత్త: మన ప్రాంతంలో అది ఏ తుపానూ లేకపోయినా రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. కాబట్టి ఉదయం అంకెను సాయంత్రం అంకెతో పోల్చి భయపడకండి. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోల్చండి.

ఎనిమిది: వాన లెక్క

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 6తో మొదలయ్యే గ్రూపులో చివరి అంకె ఎన్ని గంటల వానో చెబుతుంది: 1 అంటే 6 గంటలు, 2 అంటే 12, 4 అంటే 24, 7 అంటే 3 గంటలు. వీటిని కలిపి కూడితే ఒకే వానను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. మధ్య మూడంకెలు 990 అయితే కొలవడానికి చాలని తడి మాత్రమే. 991 నుంచి 999 వరకు అంటే 0.1 నుంచి 0.9 మిల్లీమీటర్లు. 995ని 995 మిల్లీమీటర్లు అనుకుంటే నాలుగు చినుకులు పడిన రోజు మహా జలప్రళయంగా పట్టికకెక్కుతుంది.

భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. భారీ వర్షం, ఆపైన మాత్రమే కావాలంటే:

ఆక్ -ఎఫ్ '[, ]+' '{ఫర్(ఐ=12;ఐ<=ఎన్ఎఫ్;ఐ++)ఇఫ్($ఐ~/^6[0-9][0-9][0-9]4/ && $ఐ>=60650 && $ఐ<69900)ప్రింట్ $1,$4,$5,$ఐ}' అన్నీ.టిఎక్స్‌టి

ఇందులో 333 దగ్గర ఆపలేదు, కావాలనే. వాన లెక్క రెండు భాగాల్లో ఎక్కడైనా ఉండొచ్చు, రెండు చోట్లా దాని అర్థం ఒకటే. 69900కి తక్కువ అనడం వల్ల చినుకుల రోజులు పైకి రావు.

తేదీ గురించి ఇంకో మాట. మన దేశంలో రోజువారీ వానను ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి ఆ తేదీ కింద రాస్తారు. 5వ తేదీ కింద 235 ఉందంటే అందులో చాలా భాగం 4న పడి ఉండొచ్చు. పంట నష్టం రాసుకునేటప్పుడు, చెరువులో ఉప్పుశాతం ఏ రోజు పడిపోయిందో చూసుకునేటప్పుడు ఈ తేదీ తేడా గుర్తుండాలి. పైగా ఇది కేంద్రంలో పడిన వాన. నెల్లూరు కేంద్రంలో కొలిచిన అంకె ఉదయగిరికో, కనిగిరికో వర్తించదు.

వేసవిలో ఇదే ఫైలుతో

తుపాను లేనప్పుడు కూడా ఈ పని దండగ కాదు. మే నెల రిపోర్టులు దించి, 06, 09, 12 గంటల వరుసల్లో గాలి దిక్కునూ డ్యూ పాయింట్‌నూ పక్కపక్కన పెట్టండి. పడమటి గాలి ఉన్నంతసేపూ డ్యూ పాయింట్ తక్కువగా ఉంటుంది. సముద్రపు గాలి లోపలికి రాగానే దిక్కు తూర్పు, ఆగ్నేయాలకు మారుతుంది, డ్యూ పాయింట్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఎండ కాస్త దిగుతుంది. మధ్యాహ్నం రెండున్నర రిపోర్టులో సముద్రపు గాలి వచ్చిన రోజులు మాత్రమే కావాలంటే గాలి గ్రూపులో దిక్కు, వేగం కలిసిన చివరి నాలుగంకెల్ని చూడాలి.



60 డిగ్రీల నుంచి 160 డిగ్రీల దాకా కావాలంటే హద్దులు 600, 1700 అవుతాయి. కమాండ్ ఇది:

ఆక్ -ఎఫ్ '[, ]+' '$5==9 && $11~/^[0-9]+$/ && $11%10000>=600 && $11%10000<1700' మే.టిఎక్స్‌టి

ఇలా ప్రతి షరతునూ ముందు కాగితం మీద ఒక గ్రూపుతో సరిచూసుకోండి. 31208 తీసుకుంటే 10000తో భాగించగా మిగిలేది 1208, అది 600కీ 1700కీ మధ్యలో ఉంది. అంటే 120 డిగ్రీల గాలి, వేగం 8, వరుస బయటికి రావాలి. వస్తే షరతు సరిగ్గా ఉన్నట్టే.

బఫర్ ఫైలు ఎదురైతే

ప్రపంచ వాతావరణ సంస్థ దేశాలన్నింటినీ బఫర్ అనే బైనరీ రూపానికి మళ్లిస్తోంది. అలాంటి ఫైలు గ్రెప్‌కు, ఆక్‌కు లొంగదు. యూరప్ వాతావరణ కేంద్రం ఉచితంగా ఇచ్చే ఈసీకోడ్స్‌లోని బఫర్ డంప్ అనే కమాండుతో ముందు దాన్ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి. అందులో ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటుంది కాబట్టి 273.15 తీసేయాలి, పీడనం పాస్కల్‌లో ఉంటుంది కాబట్టి వందతో భాగించాలి. గాలి దిక్కు నేరుగా డిగ్రీల్లో, వేగం సెకనుకు మీటర్లలో ఉంటాయి. గ్రూపుల బదులు ప్రతి కొలతకూ పక్కనే దాని పేరు రాసి ఉంటుంది.